ఉద్యమాల ఫలితాలను దేశాల మధ్య పోల్చే ఉమ్మడి ప్రాజెక్టు: కోడ్‌బుక్ నుంచి గ్రాంటు దాకా ఏది ఎక్కడ దెబ్బతింటుంది?

పెన్నాతీరం (చర్చ మొదలుపెట్టినవారు)

మద్యవ్యతిరేక ఉద్యమాల ఫలితాలను పోల్చే మూడు చోట్ల ప్రాజెక్టు ఒకటి రూపుదిద్దుకుంటోంది. యూరప్ నుంచి రెండు విశ్వవిద్యాలయాలు, మన వైపు నుంచి ఒక విభాగం. వాళ్ల కేసులు ఫిన్లండ్, స్వీడన్. మన కేసు 1992 నెల్లూరు సారా వ్యతిరేక ఉద్యమం. అక్కడి బృందం పంపిన ముసాయిదా కోడ్‌బుక్‌లో (ఏ సమాచారాన్ని ఏ గడిలో ఎలా నమోదు చేయాలో చెప్పే నియమావళి) ఉద్యమ ఫలితానికి ఒకే గడి ఉంది: విజయం, పాక్షిక విజయం, వైఫల్యం. ఈ మూడింటిలో ఏదో ఒకటి దిద్దాలి.

ఈ గడిని ఇలాగే ఒప్పుకోవచ్చా? పాత పత్రికల నుంచి సంఘటనలు ఏరేటప్పుడు ఏం చూసుకోవాలి? విదేశీ గ్రాంటు మన వైపు క్షేత్రపరిశోధన దాకా ఎలా చేరుతుంది? తెలిసినవారు వివరంగా రాయండి.

జీవోవేట

ఒప్పుకోవద్దండీ. ఆ ఒక్క గడి దగ్గరే ప్రాజెక్టు సగం పాడవుతుంది.

అమెరికన్ సమాజశాస్త్రవేత్త విలియం గామ్సన్ 1975లోనే దీన్ని రెండుగా విడదీశారు. అమెరికాలో 1800–1945 మధ్య పనిచేసిన 53 సంఘాలను తీసుకుని, ఒక్కోదానికి రెండు ప్రశ్నలు వేశారు. ప్రభుత్వమో యాజమాన్యమో ఆ సంఘాన్ని మాట్లాడదగిన పక్షంగా గుర్తించిందా? వాళ్లు అడిగిన ప్రయోజనం దక్కిందా? రెండూ ఉంటే పూర్తి స్పందన, రెండూ లేకపోతే కుప్పకూలడం. గుర్తింపు వచ్చి ప్రయోజనం రాకపోతే నాయకుల్ని కలిపేసుకున్నట్టు. ప్రయోజనం వచ్చి గుర్తింపు రాకపోతే, అడిగినది ఇచ్చేసి అడిగినవాళ్లను పక్కన పెట్టినట్టు.

దీన్ని సారా ఉద్యమానికి పెట్టి చూడండి. డిమాండు ఒకటి కాదు, కనీసం నాలుగు.

ఊరి స్థాయిలో: మా ఊళ్లో సారా కొట్టు ఉండకూడదు. కలిగిరి మండలం దూబగుంట పేరు అందరికీ తెలిసింది దీనితోనే. ఊళ్లో మూతపడ్డ తేదీ, మళ్లీ తెరిచి ఉంటే ఆ తేదీ, రెండూ ఉండాలి.

జిల్లా స్థాయిలో: సారా అమ్మకపు హక్కుల వేలంపాట జరగకూడదు. 1992లో మహిళలు అడ్డం కూర్చోవడంతో వేలం పదేపదే వాయిదా పడింది. ప్రతి వాయిదా ఒక ఫలితమే, దానికి ఒక వరుస కావాలి.

రాష్ట్ర స్థాయిలో: సారా నిషేధం. నెల్లూరు జిల్లాలో 1993 ఏప్రిల్ 15న, రాష్ట్రమంతటా 1993 అక్టోబర్ 1న అమల్లోకి వచ్చింది.

ఆ పైన సంపూర్ణ మద్యనిషేధం. 1994 డిసెంబర్‌లో ఎన్టీఆర్ ప్రమాణస్వీకారం చేస్తూనే ప్రకటించారు, 1995 జనవరి 16 నుంచి అమలు. 1997లో ఎత్తేశారు. సారా మీద నిషేధం మాత్రం నిలిచింది.

ఇప్పుడు ఆ ఒక్క గడిలో ఏం దిద్దుతారు? 1992 డిసెంబర్‌లో ఆగితే "పాక్షికం", 1995లో ఆగితే "విజయం", 1997 తర్వాత చూస్తే కొందరు కోడర్లు (గడులు నింపేవాళ్లు) "వైఫల్యం" అని కూడా రాస్తారు. ముగ్గురూ నిజాయితీగానే రాస్తారు, ముగ్గురి జవాబులూ వేరు. కాబట్టి ఒక్కో వరుస ఒక్కో డిమాండుకు ఇవ్వండి. అందులో ఎవరు అడిగారు, ఎవరిని అడిగారు, ఏ స్థాయిలో, స్పందన మొదలైన తేదీ, ఆగిపోయిన తేదీ, ఆధారం ఏ కాగితం అన్నవి తప్పనిసరి గడులు. ఆగిపోయిన తేదీ గడి ఫిన్లండ్ వాళ్లకూ కావాలి. అక్కడ నిషేధం 1919లో వచ్చి 1932లో పోయింది.

ఇంకో పట్టిక విడిగా పెట్టండి: ఎవరూ అడగని ఫలితాలు. నెల్లూరులో సారా మానిపించగా మిగిలిన డబ్బు పొదుపు సంఘాలైంది, పొదుపులక్ష్మి పేరుతో జిల్లా యంత్రాంగం దాన్ని నడిపింది. ఇది ఏ డిమాండు కిందా రాదు. కానీ ఈ ఉద్యమం గురించి రాస్తూ దీన్ని వదిలేస్తే పెద్ద తప్పు చేసినట్టే.

సంఖ్యారేఖ

జీవోవేట గారి వరుసలతో నాకు ఏకీభావమే, కానీ ఒక ఇబ్బంది ఉంది. డిమాండుకొక వరుస అంటే మన కేసుకు 200 వరుసలు, స్వీడన్‌కు 12 వస్తాయి. వాటిని పక్కపక్కన పెట్టలేం. అన్నిటికీ వర్తించే మెట్లు కొన్ని కావాలి.

ఉద్యమాలకు ప్రభుత్వ స్పందనను కొలవడానికి పరిశోధకుడు పాల్ షుమేకర్ వేసిన మెట్లు ఇక్కడ బాగా పనికొస్తాయి. మాట వినడానికి పిలిచారా. అంశం చట్టసభ చర్చకు వచ్చిందా. చట్టమో జీవోనో వచ్చిందా. అది క్షేత్రంలో అమలైందా. అమలయ్యాక సమస్య తగ్గిందా. తర్వాతివాళ్లు ఆరో మెట్టు కలిపారు: మున్ముందు ఇలాంటి ఉద్యమాలకు దారి సులువయ్యేలా వ్యవస్థే మారిందా. ప్రతి డిమాండు వరుసలో ఈ ఆరింటికీ అవును, కాదు, ఆధారం లేదు అని దిద్దాలి. "కాదు" వేరు, "ఆధారం లేదు" వేరు. ఈ రెంటినీ ఒకే ఖాళీ గడిగా వదిలేసిన డేటాసెట్‌లో అమలు, ప్రభావం మెట్ల దగ్గర వైఫల్యాలు లేనిపోనివి పుట్టుకొస్తాయి. ఎందుకంటే చట్టానికి గెజిట్ ఉంటుంది, అమలుకు కాగితం దొరకదు.

స్వీడన్ విషయంలో ఇది ఎందుకు ముఖ్యమో చూడండి. 1922 ప్రజాభిప్రాయ సేకరణలో నిషేధం స్వల్ప తేడాతో ఓడిపోయింది. ఒక్క గడి పెడితే అది "వైఫల్యం". కానీ అక్కడ మనిషికి ఇంత అని మద్యం కోటా పుస్తకం పద్ధతి 1955 దాకా నడిచింది. అంశం చర్చకు వచ్చింది, నియంత్రణ వచ్చింది, నిషేధం రాలేదు. ఆరు మెట్లుంటే ఇదంతా కనబడుతుంది.

ఒక ఆసక్తికరమైన సంగతి: ఆ 1922 ఓటింగులో పురుషుల ఓట్లు, మహిళల ఓట్లు వేరుగా లెక్కపెట్టారు. మహిళల్లో మెజారిటీ నిషేధం వైపు, పురుషుల్లో మెజారిటీ వ్యతిరేకంగా తేలింది. మన 1994 ఎన్నికల్లో మహిళల ఓటు ఎటు పడిందో ఓట్ల లెక్కింపు కాగితాల నుంచి తీయలేం. కాబట్టి "మహిళల మద్దతు" అనే గడి ఉమ్మడి కోడ్‌బుక్‌లో ఉంటే మూడు చోట్లా ఒకే కొలత కాదని ముందే రాసి పెట్టుకోండి. లేకపోతే రెండేళ్ల తర్వాత ఎవరో ఆ గడిని నేరుగా రిగ్రెషన్‌లో (గణాంక విశ్లేషణలో) పెట్టేస్తారు.

పాతపత్రిక

పత్రికల గురించి నేను రాస్తాను.

యూరప్ బృందాలు చాలావరకు సోమవారం సంచికల నమూనా పద్ధతికి అలవాటుపడి ఉంటాయి. రాజనీతి శాస్త్రవేత్త క్రీసీ బృందం ఫ్రాన్స్, జర్మనీ, నెదర్లాండ్స్, స్విట్జర్లాండ్ పోలికలో 1975–1989 కాలానికి దేశానికొక పత్రిక తీసుకుని సోమవారం సంచికలే చదివింది. అక్కడ ప్రదర్శనలు ఎక్కువగా వారాంతంలో జరుగుతాయి కాబట్టి ఆ పద్ధతి పనిచేసింది. మన దగ్గర ఆదివారం, రెండో శనివారం కలెక్టరేట్‌కు తాళం. అధికారి లేని చోట ధర్నా ఎవరు చేస్తారు? ఈ కాలానికి వస్తే సోమవారం అర్జీల రోజు, జనం ఆ రోజే వస్తారు, వార్త మంగళవారం పడుతుంది. సోమవారం సంచికలు మాత్రమే చదివితే మన ఉద్యమాలు సన్నగా కనిపిస్తాయి. 1992 విషయంలో ఇంకో చిక్కు: నిరసనలు వేలంపాట తేదీల చుట్టూ ముసురుకున్నాయి, వారంలో ఏ రోజన్నది కాదు లెక్క. అందుకని నమూనా వద్దు, ప్రతిరోజూ చదవండి. 1992 ఆగస్టు నుంచి 1993 అక్టోబర్ దాకా ఒక పత్రికకు సుమారు 450 సంచికలు. సంచికకు 20 నిమిషాలు వేసుకుంటే 150 గంటలు. రెండు పత్రికలకు 300. ఇద్దరు కోడర్లు రోజుకు నాలుగు గంటలు కూర్చుంటే రెండు నెలల్లోపు అయ్యే పని. ఇంతకంటే ఎక్కువసేపు కూర్చోబెట్టకండి, నాలుగో గంట దాటాక చిన్న వార్తలు కళ్లు దాటిపోతాయి.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇది. 1989 నుంచి ఈనాడు జిల్లా అనుబంధాలు తెచ్చింది. అంతకుముందు రాష్ట్ర పేజీలో చోటు దొరకని ఊరి గొడవ ఆ తర్వాత నుంచి అచ్చయింది. 1985 నుంచి 1995 దాకా నిరసనల సంఖ్య గీత గీస్తే 1989–90 దగ్గర నిటారుగా లేస్తుంది. అది జనం లేవడమా, పేజీలు పెరగడమా? ప్రధాన సంచిక వార్తలకు ఒక కోడు, జిల్లా అనుబంధం వార్తలకు ఇంకో కోడు ఇచ్చి, కాలక్రమ విశ్లేషణకు ప్రధాన సంచిక మాత్రమే వాడండి. అనుబంధాలను ఊళ్ల మధ్య పోలికకు వాడండి.

రెండోది, సారా ఉద్యమంలో ఈనాడు కేవలం చూసి రాసినది కాదు, ఆ పోరాటాన్ని భుజాన వేసుకుంది. ఉద్యమంలో పాలుపంచుకున్న పత్రిక లెక్కను ఒక్కదాన్నే నమ్మకూడదు. పక్కన వేరే ధోరణి ఉన్న పత్రిక ఒకటి, పౌరహక్కుల నివేదికలు, ఎక్సైజ్ శాఖ ఉత్తర్వులు పెట్టి సరిచూసుకోవాలి. రెండు ఆధారాల్లోనూ కనబడిన సంఘటనలు ఎన్ని, ఒక్కదాంట్లోనే ఉన్నవి ఎన్ని అన్నది ప్రచురణలో పట్టికగా ఇవ్వండి.

స్కానింగ్: 300 డీపీఐ, గ్రేస్కేల్. స్కాన్ బొమ్మలోని అక్షరాలను గుర్తించే టెసరాక్ట్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు ఉంది కానీ పాత న్యూస్‌ప్రింట్ మీద వత్తులు, గుణింతాలు తప్పుతాయి. దాన్ని వెతుకులాటకే వాడండి, చదవడం మనిషే చదవాలి. "సారా" అని వెతికితే "సారాంశం" కూడా కుప్పలుగా వస్తుంది. "వేలం", "కల్లు", "కాంట్రాక్టర్", "మహిళలు" కలిపి జతగా వెతకండి. తర్వాతి సంవత్సరాల డిజిటల్ సంచికలు ఉంటే ఇంకో తలనొప్పి, యూనికోడ్ కాని ఫాంట్లు. కాపీ చేస్తే అక్షరాల చెత్త వస్తుంది, వెతుకులాట అస్సలు పనిచేయదు. కన్వర్టర్‌తో మార్చాక కనీసం 50 పేజీలు కళ్లతో సరిచూడకుండా ముందుకు వెళ్లొద్దు.

పెన్నాతీరం

పాతపత్రిక గారూ, చాలా ఉపయోగం. ఒక సందేహం. రిలే నిరాహార దీక్షను ఎలా లెక్కించాలి? రోజుకు నలుగురు చొప్పున వంద రోజులు కూర్చుంటే అది ఒక సంఘటనా, వంద సంఘటనలా? వాళ్ల కోడ్‌బుక్‌లో నిరాహార దీక్ష అంటే ఒకరో కొందరో మొదటి నుంచి చివరి దాకా చేసేదే.

హద్దురాయి

దీనికి రెండు పట్టికలు తప్పవు. మొదటిది "ఘట్టం": చోటు, నిర్వహించిన సంఘం, డిమాండు మారనంత వరకు ఒకే వరుస, మొదలు తేదీ, ముగింపు తేదీ. రెండోది "సంఘటన-రోజు": ఒక చోట ఒక రోజు ఒక వరుస, దాని పక్కన ఏ ఘట్టానికి చెందుతుందో ఆ సంఖ్య. దేశదేశాల నిరసనలు, ఘర్షణలు నమోదు చేసే యాక్లెడ్ డేటా ఈ రెండో పద్ధతికి దగ్గర, రోజుకూ చోటుకూ విడిగా నమోదు చేస్తుంది. భారత్‌కు దాని కాలం 2016 నుంచి కాబట్టి సారా ఉద్యమానికి అక్కరకు రాదు, ఇటీవలి కేసులకు వస్తుంది.

ఘట్టం పట్టిక లేకపోతే ఏమవుతుందో అమరావతి రైతుల ఆందోళన చూస్తే తెలుస్తుంది. 2019 డిసెంబర్ నుంచి 2024 జూన్ దాకా సాగింది. రోజుల లెక్కలో ఒక్క ఆ శిబిరాలే రాష్ట్రంలోని మిగతా ఆందోళనలన్నిటినీ మింగేస్తాయి. ఒకే వరుసగా రాస్తే ఒక్కరోజు బంద్‌తో సమానమైపోతుంది. రెండూ తప్పే.

పాల్గొన్నవారి సంఖ్య గడిలో రిలే దీక్షకు "ఆ రోజు కూర్చున్నవారు" రాయండి. "మొత్తం పాల్గొన్నవారు" అని రాస్తే ఒకే మనిషి పదిసార్లు లెక్కకొస్తారు. వంటావార్పు, రాస్తారోకో, మానవహారం, సకల జనుల సమ్మె లాంటివాటిని వాళ్ల జాబితాలోని ఏదో ఒక పద్దులో ఇరికించకండి. స్థానిక రూపానికి ఒక గడి, అది ఏ పెద్ద వర్గంలోకి వస్తుందో దానికి ఒక గడి. రేపు వర్గీకరణ మార్చుకోవాలంటే మళ్లీ పత్రికలు తిరగేయాల్సిన పని ఉండదు.

ఇక జిల్లాలు. ఇది చాలామంది ఆఖరున చూసుకుని ఏడుస్తారు. తెలంగాణలో 2016 అక్టోబర్‌లో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26. అప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరులోకి వచ్చింది. కోడర్ 2022 పటం చూసి 1992 వార్తకు జిల్లా రాస్తే ప్రకాశం సంఘటనలు నెల్లూరు ఖాతాలో పడతాయి, ఉద్యమం నెల్లూరులో ఉన్నదానికంటే బలంగా కనబడుతుంది. పత్రికలో అచ్చయిన జిల్లా పేరు యథాతథంగా ఒక గడిలో, 1991 జనగణన నాటి జిల్లా ఒక గడిలో, గ్రామానికి ఈనాటి స్థానిక ప్రభుత్వ డైరెక్టరీ కోడు ఒక గడిలో. ఊరి పేర్లు ఒకటే ఉన్నవి కొల్లలు కాబట్టి మండలం లేని వరుసను ఒప్పుకోవద్దు.

సంఖ్యారేఖ

ఇప్పుడు అసలు కష్టమైనది. నిషేధం వచ్చింది. అది ఉద్యమం వల్లే వచ్చిందని ఎలా చెబుతారు?

సారా విషయంలో పోటీ కారణాలు మూడు కనబడతాయి. ఒకటి, ప్రతిపక్షం దీన్ని ఎన్నికల అంశంగా ఎత్తుకోవడం. రెండు, 1991లో మొదలైన జిల్లా అక్షరాస్యత కార్యక్రమం: మహిళలను రాత్రి బడుల్లో ఒక చోట కూర్చోబెట్టింది ప్రభుత్వమే. మూడు, ఆదాయం: సారా మానేసినవాళ్లలో కొందరు విదేశీ మద్యం రకాలకు (ఇక్కడే తయారయ్యే విస్కీ, బ్రాందీ లాంటివి) మారితే ఖజానాకు నష్టం కొంత పూడుతుంది, అప్పుడు సారా నిషేధం ప్రభుత్వం భరించగలిగే నిర్ణయం.

ఈ మూడోదాన్ని పరీక్షించడానికి మన దేశంలోనే పోలికలు ఉన్నాయి. కేరళ 1996 ఏప్రిల్ 1న, కర్ణాటక 2007 జూలై 1న సారా ఒక్కదాన్నే నిషేధించాయి. హర్యానా 1996 జూలై 1న సంపూర్ణ నిషేధం తెచ్చి 1998 ఏప్రిల్ 1న ఎత్తేసింది. సారాకే పరిమితమైన నిషేధాలు నిలిచాయి, సంపూర్ణ నిషేధాలు రెండేళ్లకు అటూ ఇటూ కూలాయి. ఆంధ్రప్రదేశ్‌లో రెండూ ఒకే చోట జరిగాయి, రెండూ ఇదే వరుసలో పడ్డాయి. కాబట్టి "ఉద్యమం బలంగా ఉంది కనుక సారా నిషేధం నిలిచింది" అని రాసే ముందు ఆదాయం అన్న కారణాన్ని దాటి రావాలి.

జీవోవేట

ఆ కారణం నిషేధం ఎందుకు నిలిచిందో చెబుతుంది, ఎందుకు వచ్చిందో చెప్పదు. ఈ రెండు ప్రశ్నలను కలిపేయకండి. సారా మీద వచ్చే ఆదాయం వేలం ద్వారా వచ్చేది. మహిళలు వేలాన్నే ఆపారు. అంటే ఆదాయం లెక్కను మార్చినదే ఉద్యమం. ఆదాయాన్ని పోటీ కారణంగా విడిగా నిలబెట్టి, ఉద్యమ ప్రభావాన్ని దాంట్లోంచి తీసేస్తే ఉద్యమం చేసిన పనినే తీసేసినట్టు.

ప్రక్రియను తేదీలవారీగా తవ్వడమే మార్గం. ఒక్కో పోటీ కారణానికి రెండు రకాల ఆధారాలు ముందే రాసుకోండి. ఇది లేకపోతే ఆ కారణం నిలవదు అనదగినది ఒకటి. ఇది దొరికితే ఆ కారణమే ఖాయం అనదగినది ఇంకొకటి. ఎన్నికల పోటీయే కారణమైతే ప్రతిపక్షం హామీ తేదీ 1993 ఏప్రిల్ 15 కంటే ముందుండాలి. లేకపోతే జిల్లా నిషేధానికి ఆ కారణం పనికిరాదు, 1995 దానికి పనికిరావచ్చు. ఉద్యమమే కారణమైతే వాయిదాపడ్డ వేలాల ఫైళ్లలో శాంతిభద్రతల ప్రస్తావనో, పాటకు కాంట్రాక్టర్లు రాలేదన్న నివేదికో ఉండాలి. వెతకాల్సిన చోట్లు: శాసనసభ చర్చల సంపుటాలు, ఎక్సైజ్ శాఖ జీవోలు, 1990–91 నుంచి 1997–98 దాకా బడ్జెట్ పత్రాల్లో సారా ఆదాయం, విదేశీ మద్యం ఆదాయం విడివిడి పద్దులు. ఈ అంచనాలన్నీ ఫైళ్లు తెరవకముందే తేదీ వేసి ఉమ్మడి ఫోల్డర్‌లో పెట్టండి. తెరిచాక రాసిన అంచనాకు విలువ లేదు.

యూరప్ వాళ్లకు ఈ చిక్కు ఎలా చెప్పాలంటే మూడు సాగు చట్టాల ఉదాహరణ వాడండి, వాళ్లకు వార్తల ద్వారా పరిచయమే. 2020 సెప్టెంబర్‌లో చట్టాలు, 2021 జనవరి 12న సుప్రీంకోర్టు స్టే, నవంబర్ 19న ప్రధాని ఉపసంహరణ ప్రకటన, ముందు వరుసలో పంజాబ్, ఉత్తరప్రదేశ్ ఎన్నికలు. ఉద్యమం, కోర్టు, ఎన్నిక మూడూ ఒక్కచోట ముడిపడ్డాయి. ఫలితం గడి నింపడం తేలిక, దాని పక్కన "ఎవరి ద్వారా" అనే గడి నింపడమే పని.

సంఖ్యారేఖ

వేలం గురించి మీరన్నది నిజం, ఒప్పుకుంటున్నాను. ఆదాయాన్ని మధ్యవర్తి కారణంగా, అంటే ఉద్యమ ప్రభావం దాని గుండా వెళ్లినట్టుగా పెట్టాలి, పోటీ కారణంగా కాదు. నిలబడటం గురించిన ప్రశ్నలో మాత్రం అది పోటీ కారణమే.

కాలపరిమితి మాట కూడా చెప్పాలి. పరిశోధకులు చెనోవెత్, స్టెఫాన్ 1900–2006 మధ్య 323 అహింసా, హింసాయుత ఉద్యమాలను పోల్చినప్పుడు, ఉద్యమం పతాకస్థాయికి చేరిన ఏడాదిలో లక్ష్యం నెరవేరితేనే పూర్తి విజయంగా లెక్కించారు. ప్రభుత్వాల మార్పు, విముక్తి లాంటి పెద్ద లక్ష్యాలకు అది వాళ్ల నియమం. దాన్ని తెచ్చి విధాన మార్పు ఉద్యమాలకు పెట్టకూడదు. 1969 తెలంగాణ ఉద్యమానికి ఆ గీటురాయి పెడితే వైఫల్యం, రాష్ట్రం వచ్చింది 2014 జూన్ 2న. అందుకే గడువు ఒకటే పెట్టకుండా ఒక ఏడాది, ఐదేళ్లు, ఇరవై ఏళ్లు అని మూడు చోట్ల కొలవండి.

ఖాతాపుస్తకం

డబ్బు దగ్గరికి వస్తాను. పరిశోధకులు దీన్ని ఆఖరి పేజీ అనుకుంటారు, కానీ సగం ప్రాజెక్టులు ఆగేది ఇక్కడే.

విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 2010కి 2020 సెప్టెంబర్‌లో సవరణ వచ్చింది. దాని ప్రకారం విదేశీ విరాళం అందుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయడానికి వీల్లేదు. ఎదుటి సంస్థకు రిజిస్ట్రేషన్ ఉన్నా సరే. పాత పద్ధతిలో "విశ్వవిద్యాలయానికి గ్రాంటు, అందులోంచి నెల్లూరులోని స్వచ్ఛంద సంస్థకు మౌఖిక చరిత్ర సేకరణకు కొంత" అని బడ్జెట్ రాసుకుంటే అది ఇప్పుడు చెల్లదు. పాలనా ఖర్చు 20 శాతానికి మించకూడదు, అంతకుముందు 50 ఉండేది. మొదట డబ్బు పడాల్సింది న్యూఢిల్లీ మెయిన్ బ్రాంచి స్టేట్ బ్యాంక్ ఖాతాలోనే.

రిజిస్ట్రేషన్ లేని సంస్థ కొత్తగా తీసుకోవాలంటే మూడేళ్లుగా పనిచేస్తూ, ఆ మూడేళ్లలో అసలు కార్యక్రమాల మీద 15 లక్షలు ఖర్చుపెట్టి ఉండాలి. లేదా ఈ ఒక్క ప్రాజెక్టుకే ముందస్తు అనుమతి అడగాలి, దానికి దాత రాసిచ్చిన హామీపత్రం, ప్రాజెక్టు నివేదిక జతచేయాలి. నెలలు పడుతుంది. గ్రాంటు మొదలు తేదీని అనుమతి తేదీకి ముడిపెట్టి ఒప్పందం రాయించుకోండి, లేకపోతే గడియారం అక్కడ తిరుగుతూ ఉంటుంది, డబ్బు ఇక్కడికి రాదు.

కేంద్ర లేదా రాష్ట్ర చట్టం ద్వారా ఏర్పడి, ఖాతాలు కాగ్ తప్పనిసరిగా ఆడిట్ చేసే సంస్థలకు మినహాయింపు ఉంది. చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఇందులోకి రావచ్చు. రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి ఆ మాట రాతపూర్వకంగా తీసుకోండి, నోటిమాట చాలదు. క్షేత్ర పరిశోధకులను విశ్వవిద్యాలయమే ప్రాజెక్టు సిబ్బందిగా నియమించుకోవడం అన్నిటికంటే నిక్కమైన దారి. స్కానింగ్, టైపింగ్ లాంటివి బిల్లు మీద సేవగా కొనవచ్చు, అయితే అది నిజంగా సేవే అని ఆడిటర్ లిఖితంగా చెప్పాలి.

యూరప్ నుంచి పరిశోధకులు క్షేత్రానికి వస్తే టూరిస్టు వీసా మీద ఇంటర్వ్యూలు చేయకూడదు. రీసెర్చ్ వీసా కావాలి, దానికి ఇక్కడి సంస్థ ఆహ్వానపత్రం ముందే ఉండాలి.

రాకపోకలకు మన వైపు నుంచి డబ్బు కావాలంటే 2018లో మొదలైన స్పార్క్ పథకం ఉంది, ఐఐటీ ఖరగ్‌పూర్ సమన్వయం చేస్తుంది. ప్రకటన వచ్చినప్పుడే దరఖాస్తు.

గోప్యతగది

ఇంటర్వ్యూల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి ఒక హెచ్చరిక.

యూరప్ డేటా రక్షణ చట్టం (జీడీపీఆర్) తొమ్మిదో అధికరణం ప్రకారం రాజకీయ అభిప్రాయం, కార్మిక సంఘ సభ్యత్వం ప్రత్యేక వర్గపు సమాచారం. ఉద్యమకారుడి ఇంటర్వ్యూ అంటే మొదటి వాక్యం నుంచీ అదే. అక్కడి నుంచి ఇక్కడికి పేర్లతో ఫైలు పంపాలంటే ప్రామాణిక ఒప్పంద నిబంధనలు సంతకం కావాలి, భారత్‌కు వాళ్ల దగ్గర సాధారణ అనుమతి లేదు. మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టంలో పరిశోధనకు షరతులతో మినహాయింపు ఉంది. దాన్ని మాత్రమే నమ్ముకుని సమ్మతి పత్రం మానేయొద్దు.

పాటించలేని మాట ఇవ్వకండి. అమెరికాలోని బోస్టన్ కాలేజీ ఉత్తర ఐర్లండ్ సాయుధ పోరాటంలో పాల్గొన్నవారి మౌఖిక చరిత్ర సేకరించి, బతికుండగా బయటపెట్టబోమని వాళ్లకు చెప్పింది. 2011లో బ్రిటన్ కోరిక మీద అమెరికా న్యాయశాఖ ఆ టేపులకు సమన్లు ఇచ్చింది. కోర్టుల్లో పోరాడినా కొన్ని టేపులు పోలీసుల చేతికి వెళ్లాయి. నష్టపోయింది మాట నమ్మి నోరు విప్పినవాళ్లు. మన దేశంలోనూ పరిశోధకుడి నోట్సుకు చట్టరక్షణ లేదు. పెండింగ్ కేసులున్న ఉద్యమంలో ఇంటర్వ్యూ చేసేటప్పుడు, కోర్టు అడిగితే ఇవ్వాల్సి రావచ్చని పత్రంలో తెలుగులో స్పష్టంగా రాయండి, చదవలేనివారికి చదివి వినిపించండి. కేసుకు సంబంధించిన ఘటన గురించి అడగనే వద్దు. అడగనిది ఎవరూ లాక్కోలేరు. పేర్లు-సంకేత సంఖ్యల జాబితా ఒక్క చోటే, ఎన్‌క్రిప్ట్ చేసి, ఇంటర్వ్యూ ఫైళ్లున్న సర్వర్‌కు దూరంగా ఉంచండి. ఊరి పేరు, కులం, పదవి కలిపితే పేరు తీసేసినా మనిషి దొరికిపోతారని విదేశీ సహచరులకు విడమరచి చెప్పాలి. చిన్న ఊళ్లో సారా కొట్టు ముందు మొదట నిలబడిన మనిషి ఎవరో ఊరందరికీ తెలుసు.

సంఖ్యారేఖ

కోడర్ల మధ్య ఏకీభావం గురించి చిన్న లెక్క. 100 వరుసలు ఇద్దరు చూశారు. ఇద్దరూ "ఫలితం లేదు" అన్నవి 90, ఇద్దరూ "ఉంది" అన్నవి 4, ఒకరు ఉందని ఒకరు లేదని అన్నవి 6, చెరో మూడు. ఏకీభావం 94 శాతం అని వ్యాసంలో రాసేస్తారు. యాదృచ్ఛికంగా కలిసే వాటా తీసేసి ఏకీభావాన్ని కొలిచే కోహెన్ కప్పా లెక్కిస్తే 0.54. "లేదు" అన్నవే ఎక్కువ కాబట్టి యాదృచ్ఛికంగానే 87 శాతం కలుస్తాయి. కాబట్టి శాతం కాకుండా కప్పా గానీ అలాంటి కొలతే అయిన క్రిపెండార్ఫ్ ఆల్ఫా గానీ అడగండి. ఆల్ఫా 0.80 దాటితే నమ్మవచ్చు, 0.667 నుంచి 0.80 దాకా జాగ్రత్తతో వాడవచ్చు, దిగువైతే గడి నిర్వచనమే తిరగరాయాలి. ప్రతి గడికీ విడిగా లెక్కించాలి, అన్నీ కలిపి సగటు తీస్తే తేదీ గడి మంచి మార్కులు తెచ్చి ఫలితం గడిని దాచేస్తుంది.

మొదట 50 వరుసలు మూడు బృందాలూ తమవి కాక ఎదుటివాళ్ల కేసు కోడ్ చేయండి, పదార్థం ఇంగ్లిష్ సారాంశంగా ఇచ్చి. ఎక్కడ తేడా వచ్చిందో అక్కడ కోడ్‌బుక్ మనకు తెలిసిన చోటే అర్థమవుతోందన్నమాట. ఆ తర్వాత సంస్కరణ సంఖ్య వేసి కోడ్‌బుక్‌ను మూసేయాలి. మధ్యలో మారిస్తే పాత వరుసలన్నీ మళ్లీ కోడ్ చేయాలనేది ఒప్పందంలోనే ఉండాలి.

హద్దురాయి

రచయితల పేర్ల సంగతి కూడా మొదటి నెలలోనే రాసుకోండి. ఆలోచన రూపకల్పన, డేటా సేకరణ, విశ్లేషణ లాంటి 14 పాత్రల జాబితా పత్రికలు ఇప్పటికే అడుగుతున్నాయి, దాన్నే వాడండి. కోడ్‌బుక్ నిర్వచనాలు రాసినది ఎవరో విడిగా నమోదు కావాలి. మన వైపు వాళ్లు వార్తలు ఏరి పంపేవాళ్లుగా, అటువైపు వాళ్లు సిద్ధాంతం రాసేవాళ్లుగా ముగిసే ప్రాజెక్టులు చాలానే వచ్చాయి. మన కేసులో వేలంపాట ఏమిటో తెలియనివాళ్లు ఫలితం నిర్వచిస్తే సైన్సే దెబ్బతింటుంది.

పెన్నాతీరం

అందరికీ ధన్యవాదాలు. డిమాండుకొక వరుస, ఆరు మెట్లు, మూడు గడువులతో ప్రతి-ముసాయిదా పంపుతున్నాం. ఆదాయం పద్దు గురించి ఒక్క ప్రశ్న మిగిలింది. 1993–94 బడ్జెట్‌లో సారా ఆదాయం సున్నా కాకుండా కనిపిస్తే నిషేధం అమలు కాలేదని అనుకోవాలా?

జీవోవేట

వద్దు. సారా లీజు సంవత్సరం అక్టోబర్ 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా. రాష్ట్ర నిషేధం అక్టోబర్ 1నే మొదలవడానికి కారణం కూడా అదే, పాత లీజులు ముందురోజుతో ముగిశాయి. బడ్జెట్ సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి. కాబట్టి 1993–94 పద్దులో మొదటి ఆరు నెలల సారా డబ్బు నెల్లూరు మినహా మిగతా జిల్లాల నుంచి వచ్చి ఉండవచ్చు. పాత బకాయిల వసూలు కూడా అందులోనే పడుతుంది. నెలవారీ ట్రెజరీ లెక్కలు దొరికితే అక్టోబర్‌ను సరిహద్దుగా పెట్టుకుని విడదీయండి. దొరకకపోతే 1992–93ను 1994–95తో పోల్చి, మధ్య సంవత్సరాన్ని విశ్లేషణ నుంచి తీసేసి, తీసేసినట్టు పట్టిక కింద రాయండి.